నెయ్యి చివరిదాకా అందిందా?

మొన్న ఒక పెళ్ళిలో రెండో బంతిలో కూర్చున్నాను. ముద్దపప్పు వచ్చింది, ఆవకాయ వచ్చింది. నెయ్యి గిన్నె పట్టుకున్నాయన మా వరస మధ్యదాకా వడ్డించి, ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయాడు. నా విస్తట్లో పడింది కనుక హాయిగా కలుపుకు తినొచ్చు. నోరు ఊరుకోలేదు. "ఏవండోయ్, నెయ్యి ఆ చివరిదాకా అందిందా?" అని గట్టిగా అరిచాను. పక్కన కూర్చున్న మా బావమరిది, "నువ్వెప్పుడు ఆడపెళ్ళివారిలో కలిశావు బావా?" అన్నాడు.

నేను ఎవరి వైపూ కాదు. అసలు ఆ మాటే నాది కాదు. అది ఒక ఆవిడ మాట. ఆవిడ దాన్ని పెళ్ళిపందిళ్ళలో కంటే ఎక్కువగా పాముల గుహల్లోనూ, మంచుకొండల మీదా, శత్రువుల కోటగుమ్మాల దగ్గరా అనేవారు. కంగారుపడకండి, చెబుతాను.

ఇంటింటికీ ఇంటర్నెట్ రాని రోజులు. నేను తణుకులో డిగ్రీ చదువుతున్నాను. షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన తన ఇంటి ముందుగదిలో నెట్ సెంటరు పెట్టారు. పెట్టడం వరకే ఆయన, నడిపింది మాత్రం ఆయన భార్య. ఆయన్ని మేం బాబాయిగారు అనేవాళ్ళం, ఆవిణ్ణి పిన్నిగారు. అంతకు మించి పేరుతో మాకెప్పుడూ పనిపడలేదు, ఇప్పుడూ పడదు. చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా బెల్లప్పాకం వాసన వేసేది. ఆ గదిలో దానికి తోడు దోమలచుట్ట పొగ, లోపలి వంటింట్లోంచి ఇంగువ పోపు. కంప్యూటర్ల మధ్య అడ్డంగా పాత చీరలు కత్తిరించి కుట్టిన తెరలు ఉండేవి.

మేం అక్కడ ఆడే ఆట ఇంటర్నెట్‌లో నడిచేది. ఎక్కడెక్కడివాళ్ళో ఒకే లోకంలో తలో వేషం వేసుకుని తిరుగుతుంటారు. ఒకడు కత్తి పడతాడు, ఒకడు విల్లు, ఇంకొకడు వైద్యుడై మిగతావాళ్ళ గాయాలు మాన్పుతాడు. ఒంటరిగా తిరిగితే నక్కలు కూడా పీక్కుతినేస్తాయి కాబట్టి జట్టు కట్టాలి. ఆ జట్టునే గిల్డ్ అంటారు. మా గిల్డ్ పేరు గోదావరి వీరులు. వీరత్వం సంగతి తరవాత చెబుతాను, మొహమాటంలో మాత్రం మమ్మల్ని మించినవాళ్ళు లేరు.

మొదట లీడరు కిషోర్. భీమవరం వాడు, మా క్లాసే. గిల్డ్ పెట్టింది వాడే, పేరు పెట్టిందీ వాడే. నెల తిరక్కుండా అందరితోనూ తగువు పెట్టుకున్నాడు. ఎవడికి ఏ కత్తి ఇచ్చినా ఇంకొకడికి కోపం. చివరికి మాటలు కూడా లేకుండా తెరలకి అటొకరు ఇటొకరు కూర్చున్నాం. అప్పటికి పిన్నిగారికి ఆట వచ్చేసింది. మేం టిఫినుకి వెళ్తూ "కాస్త చూస్తుండండి పిన్నిగారూ, చచ్చిపోకుండా" అని అప్పజెప్పిపోయేవాళ్ళం. పాలు పొంగకుండా చూసినట్టు చూస్తూ చూస్తూ నేర్చేసుకున్నారు. తనకంటూ ఒక వైద్యురాలి వేషం కూడా పెట్టుకున్నారు. మా తగువు చూసి విసుగెత్తి, "ఏంటర్రా ఇది, పంచుకోవడం చేతకాక పస్తులుంటారా? ఇటియ్యండి, నేను చూస్తాను" అన్నారు. అందరికీ కావలసిన మనిషి కనుక అందరం సరేనన్నాం. కిషోర్ కూడా సరేనన్నాడు, కానీ ఆ కుర్చీ మీద వాడికి ఆశ పోలేదని మా అందరికీ తెలుసు.

యుద్ధానికి ముందు ఆవిడ చేసే పనులు కొన్ని ఉండేవి. కీబోర్డుని కొంగుతో తుడిచేవారు. గాజులు మోచేతివైపు పైకి తోసుకునేవారు. ఆ గలగల వినబడితే చాలు, తెరల వెనక మాటలు ఆగిపోయేవి. తరవాత చూపుడువేలు ఒక్కదానితో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారు. "అందరూ వచ్చారాండీ?" అని. కాకినాడ నుంచి, నరసాపురం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మనుషులు ఆ ఆటలోకి వచ్చి నిలబడి ఉండేవారు. వాళ్ళల్లో చాలామందిని మేం మొహాలు చూసి ఎరగం. ఎరగనివాళ్ళని ఏకవచనంతో పిలవడం ఆవిడకి చేతకాదు. "కాస్త వెనక్కి రండి, పాము విషం కక్కేలా ఉంది" అని ఆవిడ మర్యాదగా కొట్టడం పూర్తయ్యేసరికి ముందువరస మొత్తం పోయి ఉండేది. అలా మర్యాద వల్ల చచ్చిన వీరులు మా గిల్డ్‌లో తప్ప ఇంకెక్కడా ఉండరనుకుంటాను.

గిల్డ్‌లో చేరడానికి ఎవరైనా వస్తే కిషోర్ "నీ లెవెల్ ఎంత?" అని అడిగేవాడు. పిన్నిగారు "ఎవరి తాలూకండీ? భోజనం అయిందా? పరీక్షలు ఎప్పుడు?" అని అడిగేవారు. పరీక్షల ముందు నిర్దాక్షిణ్యంగా గిల్డ్‌లోంచి తీసేసేవారు. "పరీక్షలయ్యాక రా బాబూ, నీ పీట నీకే ఉంటుంది" అని చెప్పి మరీ. గిల్డ్ అందరికీ కలిపి ఒక పెట్టె ఉండేది, గెలిచిన సామాన్లు దాచుకోడానికి. దాన్ని ఆవిడ తప్ప ఎవరూ తెరవకూడదు. "ఆవకాయ జాడీలో తలో చెయ్యీ పెడితే బూజు పడుతుంది. కావాలంటే అడగండి, నేను తీసిస్తాను" అనేవారు. అడిగితే ఎప్పుడూ కాదనలేదు. అయితే ఎందుకు కావాలో మాత్రం చెప్పాలి.

ఇక వెండి కర్ర సంగతి చెప్పాలి. గుహలో ఒక పెద్దపాము ఉండేది. దాన్ని చంపితే ఎప్పుడో ఒకసారి వెండి కర్ర దొరికేది. అది పట్టుకున్న వైద్యుడు చుట్టూ ఉన్నవాళ్ళందరి గాయాలూ ఒకేసారి మాన్పగలడు. వారాల తరబడి ఆ పాము చేతిలో చచ్చి చచ్చి, చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం చంపాం. కర్ర పడింది. కాసేపు దాని మీద ఒక చిన్న గడి కనిపిస్తుంది. కావాలా, వద్దా అని అడుగుతుంది. ఆ కాసేపట్లో ఎవరూ తీసుకోకపోతే వస్తువు మాయమైపోతుంది.

గిల్డ్‌లో మరో వైద్యుణ్ణి నేను. పిన్నిగారుండగా నేనేంటని 'వద్దు' నొక్కాను. కుర్రాళ్ళ ముందు నేను తీసుకుంటే బాగుండదని పిన్నిగారు 'వద్దు' నొక్కారు. నరసాపురం సత్తిబాబు, కాకినాడ వాళ్ళు, మిగతా అందరూ వైద్యులిద్దరూ ఉన్నారు కదా అని 'వద్దు' నొక్కారు. అప్పటికి మంచివాడనిపించుకోవాలని కిషోర్ కూడా నొక్కాడు. కర్ర మెరిసి మాయమైపోయింది. లోపల కుక్కరు కూత ఒకటే వినిపించింది.

పిన్నిగారు లేచి నిలబడ్డారు. కోప్పడతారనుకున్నాను. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మీ మొహమాటం తగలెయ్య! నాది కూడా తగలెయ్య! విస్తరి ముందు కూర్చుని అందరూ చేతులడ్డం పెడితే కూర ఎవరు తింటారర్రా, కాకులా?" అన్నారు.

ఆ రోజునుంచీ మా గిల్డ్‌లో పంపకం బంతి పద్ధతిలోకి వచ్చింది. దొరికింది ఏదైనా ముందు ఆవిడ చేతికి వెళ్ళాలి. ఎవరి కవచం చిరిగింది, ఎవరికి ఇంతవరకు ఏమీ పడలేదు అన్నది చూసి ఆవిడే వడ్డిస్తారు. ఒకసారి పడ్డవాడికి, వరస చివరిదాకా అందేవరకు, రెండోసారి లేదు. పడ్డవాడు వద్దనకూడదు. అందగానే "అందింది" అని అందరికీ కనబడేలా కొట్టాలి. పంపకం అయ్యాక ఆవిడ "నెయ్యి చివరిదాకా అందిందా?" అని అడిగేవారు. దొరికింది కత్తి అయినా, డాలయినా, ఎలుగుబంటి తోలయినా అదే మాట. వడ్డించేవాళ్ళు ఆఖరి బంతిలో తింటారు కనుక తన వంతు ఆఖరిది అనేవారు. మా వరసకి ఎప్పుడూ ఒక కొత్తవాడు వచ్చి చేరుతూనే ఉండేవాడు. ఇక ఆఖరి బంతి ఎప్పుడు వస్తుంది?

రెండో వెండి కర్ర దొరికినప్పుడు నాకు ఇచ్చారు. నేను "అందింది" అని కొట్టాను. మూడోది దొరికినప్పుడు నేను "పిన్నిగారూ, ఇది మీదేనండి" అన్నాను. "నాకెందుకు నాయనా, వచ్చేవాళ్ళెవరైనా వైద్యులుంటే పనికొస్తుంది" అని పెట్టెలో పెట్టేశారు. ఆవిడ చేతిలో మాత్రం ఆట మొదలుపెట్టినప్పుడు అందరికీ ఊరికే ఇచ్చే పుల్ల ఉండేది. మేం దాన్ని వేపపుల్ల అనేవాళ్ళం. "మా లీడరు పళ్ళు తోముకుంటూ యుద్ధానికి వస్తారు" అని వెక్కిరించేవాళ్ళం. ఆవిడా నవ్వేవారు. ఆ వేపపుల్లతోనే మమ్మల్ని ఎన్ని చావుల్నుంచి లాగారో.

సత్తిబాబు గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పలేను. వాళ్ళది నరసాపురం దగ్గర చేపలు పట్టే కుటుంబం. అతను ఐసుపెట్టెల్లో చేపలు ఎగుమతి చేసే పని చూసుకునేవాడు. తీరిక దొరికితే అక్కడి నెట్ సెంటర్లో కూర్చునేవాడు. మా గిల్డ్‌కి ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు అతనే. ఒకసారి కోట ముట్టడికి అందరం సిద్ధమై కూర్చుంటే సత్తిబాబు రాలేదు. కిషోర్ మండిపడ్డాడు. "రానివాణ్ణి తీసెయ్యండి పిన్నిగారూ. వాడి బదులు ఇంకొకణ్ణి పెట్టుకుందాం" అన్నాడు. పిన్నిగారు నరసాపురం నెట్ సెంటరుకి ఫోను చేశారు. అతని పడవలు ఒడ్డుకి వచ్చే వేళ అని, సరుకు దిగుతోందని చెప్పారు వాళ్ళు.

"వాళ్ళ తిండి దిగుతుంటే మన కోట ఎక్కడికి పోతుందిరా?" అన్నారు పిన్నిగారు. "ఆకు వేసి ఉంచండి. వచ్చేవాడు వస్తాడు." కోట ఆవేళ పోయింది. సత్తిబాబు పీట మాత్రం అలాగే ఉంది.

ఆ మాట అతనికి ఎవరు చేరవేశారో తెలియదు. తరవాత వారం బస్సులో తణుకు వచ్చేశాడు, ఐసుపెట్టెతో సహా. అంతకుముందు అతన్ని మేం చూడలేదు. ఆటలో కొండంత మనిషి, ఎదురుగా చూస్తే సన్నగా, సిగ్గుగా ఉన్నాడు. "పిన్నిగారండీ, తెల్లారగట్ట పడిందండి, పండుగప్పండి" అని పెట్టె మూత తీశాడు. పిన్నిగారివాళ్ళు ఇంట్లో కోడిగుడ్డు కూడా ముట్టరు. ఆవిడ రెండు చేతులా పెట్టె అందుకుని, "అబ్బో, ఎంత పెద్దదో! ఉండు బాబూ, భోంచేసి వెళుదువు గాని" అన్నారు. పెట్టె వెనకవైపు నుంచి పక్కింటికి వెళ్ళడం నేను చూశాను.

సత్తిబాబుని బాబాయిగారి పక్కనే కూర్చోబెట్టి వడ్డించారు. వంకాయ కూర, కందిపచ్చడి, మజ్జిగపులుసు. అతను తింటూ తింటూ ఆగి, ఇల్లంతా ఒకసారి కలయజూశాడు.

"పిన్నిగారూ, మీరు తినరు కదండీ?"

ఆవిడ ఒక్క క్షణం తడబడ్డారు. "మేం తినం బాబూ. పక్కింటివాళ్ళు ఇష్టంగా తింటారు. నువ్వు తెచ్చింది వృథా పోదు."

"మరి సెప్పొచ్చు కదండీ!"

"అంత దూరం నుంచి మోసుకొచ్చినవాడికి వద్దని ఎలా చెబుతాం? నెయ్యి వేసుకో."

సత్తిబాబు తల వంచుకుని నవ్వాడు. "ఆయ్, మొహమాటానికి మీరూ మాలాంటోరేనండి" అన్నాడు. భోజనం అయ్యేదాకా అతను విస్తరి మీద ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. లేచేముందు, "మీరెప్పుడు తింటారండీ?" అని అడిగాడు. "వడ్డించేవాళ్ళది ఆఖరు కదా" అన్నారు ఆవిడ.

తరవాత బాబాయిగారికి శ్రీకాకుళం అవతల వేరే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఊళ్ళో నెట్ అన్న మాటే లేదు. ఇల్లు ఖాళీ చేస్తున్నారు, కంప్యూటర్లు తాడేపల్లిగూడెం ఆయనెవరికో అమ్మేశారు. మా ఆటలో ఒక నియమం ఉంది. లీడరు వెళ్ళిపోయేముందు ఇంకొకరికి పదవి అప్పగించాలి, ఆ ఇంకొకరు ఒప్పుకుని నొక్కాలి. అలా జరక్కపోతే కొన్నాళ్ళకి గిల్డ్ రద్దయిపోతుంది. పేరు పోతుంది, పెట్టె పోతుంది, ఎక్కడెక్కడో ఉన్న మనుషులు మళ్ళీ ఒకరికొకరు దొరకరు. ఫోన్లు అందరి దగ్గరా లేని రోజులు. ఆ ఆట తప్ప మాకు కలుసుకునే చోటు లేదు.

కంప్యూటర్లు తీసుకెళ్ళే వ్యాను వచ్చి గుమ్మంలో ఆగిన మధ్యాహ్నమే అప్పగింత పెట్టుకున్నాం. బుద్ధిమంతులు ముందురోజే పెట్టుకునేవారు. పిన్నిగారు గాజులు పైకి తోసుకుని, ముందు కిషోర్ పేరు నొక్కారు. నేను వాడి పక్కనే ఉన్నాను. వాడి కంప్యూటరు తెర మీద గడి వెలిగింది. రెండేళ్ళుగా వాడు ఎదురుచూసిన గడి.

"మీరుండగా నేనేంటండీ పిన్నిగారూ" అని 'వద్దు' నొక్కేశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను ఉండట్లేదు కదా నాయనా, అదేగా బాధ" అన్నారు ఆవిడ.

ఒకసారి కాదంటే మళ్ళీ కాసేపు ఆగితే గాని ఇంకొకరిని అడగనివ్వదు ఆట. ఈలోగా వ్యాను మనిషి చివరి వరసలో కంప్యూటరు విప్పేశాడు. రెండోసారి నా పేరు నొక్కారు. నిజం చెప్పాలంటే నాకు చెయ్యి ఆడలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగా ఆవిడ పీట మీద ఎలా కూర్చుంటాను? కిషోర్ ఉండగా నేనేంటండీ అన్నాను. కాకినాడ నుంచీ అదే మాట వచ్చింది. ఇంకో మానిటరు, ఇంకో కంప్యూటరు వ్యానెక్కాయి. నాదీ, కిషోర్‌దీ కూడా విప్పేశారు. మేం వెళ్ళి పిన్నిగారి కుర్చీ వెనక నిలబడ్డాం.

"అమ్మా, ఇంక ఇదొక్కటే ఉందండి" అన్నాడు వ్యాను మనిషి.

"ఒక్క నిమిషం బాబూ, వడ్డన అవుతోంది" అన్నారు ఆవిడ. అతనికి ఏమర్థమైందో గాని గుమ్మం బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆవిడ మొహంలో నవ్వు లేదు. అప్పటికి నాకు తెలిసింది, ఆ గిల్డ్ అంటే ఆవిడకి ఎంత ఇష్టమో. కర్ర మాయమైనప్పుడు నవ్వారు గాని, ఇది మాయమైతే నవ్వలేరు. సత్తిబాబు పేరు నొక్కారు.

నరసాపురం నుంచి జవాబు వచ్చింది. "నొక్కుతానండి. నొక్కాక నేను సెప్పింది మీరు వినాలండి."

"లీడరు చెప్పింది ఎవరైనా వినాలి" అని కొట్టారు ఒంటివేలితో.

గడి ఆరిపోయేలోగా సత్తిబాబు నొక్కాడు. అతని పేరు పక్కన లీడరని వచ్చింది. మా అందరికీ ఊపిరి వచ్చింది. పిన్నిగారు కుర్చీలో వెనక్కి వాలారు. అంతలో తెర మీద ఇంకో వరస పడింది.

"పెట్టెలో ఉన్న వెండి కర్ర పిన్నిగారికండి. ఆఖరి బంతి వచ్చేసిందండి. వద్దనకూడదు."

"ఇంకెప్పుడూ ఆడని మనిషికి కర్రెందుకురా, వేస్టు..." అని కిషోర్ గొణిగాడు. ఆ మాట సగంలోనే వాడే ఆపేశాడు.

పిన్నిగారు అలవాటుగా "వద్దు బాబూ, వచ్చేవాళ్ళకి" అని కొట్టడం మొదలుపెట్టారు. వేలు ఆగింది. కొట్టిన అక్షరాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి చెరిపేశారు. మౌసు పట్టుకుని కర్ర తీసుకున్నారు. తెర మీద ఆవిడ వైద్యురాలు వేపపుల్ల పక్కన పెట్టి వెండి కర్ర పట్టుకుని నిలబడింది. దాని చుట్టూ తెల్లటి వెలుగు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశారు. పైకి తోసుకున్న గాజులు కిందికి జారాయి.

తరవాత చూపుడువేలితో, ఎప్పటిలాగే నెమ్మదిగా, "అందిందండీ" అని కొట్టారు. మావైపు తిరిగి, "ఎంత బాగుందర్రా" అన్నారు.